గేటు కాడ కమైలియో, లోపల ఆస్టరిస్క్

నల్లగొండలో ఇంజనీరింగు, పాలిటెక్నిక్ విద్యార్థులు, ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే కేబుల్ ఆపరేటర్లు కూడిన సభలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని ఎక్కించాం. మాట తడబడ్డ చోట్లు తప్ప మిగతాది వక్త మాట్లాడినట్టే ఉంచాం.

అందరికి నమస్కారం. ఎనక కూసున్నోళ్లకు ఇనబడుతుందా? ఇనబడితే చెయ్యెత్తండి. మంచిది. ఈ మాట ముందే అడగాలె, ఎందుకంటే ఇయ్యాల నేను చెప్పేదంతా మాట అవతలికి చేరుతుందా లేదా అనేదాని గురించే.

మొదలు ఒక ప్రశ్న. వడ్ల సీజన్లో మిర్యాలగూడ దిక్కు పోయినోళ్లు ఎంతమంది? ఓ, సగం మంది ఉన్నరు. అయితే నా పని అల్కగ అయితది. మిల్లుల ముందట ట్రాక్టర్లు బారులు గట్టి ఉంటయి కద. గేటు కాడ ఒక మనిషి ఉంటడు. ఆయన వడ్లు ముట్టడు. బస్తా లేపడు. తేమ చూడడు. చిట్టి చూస్తడు, 'నువ్వు రెండో కాంటకు పో, నువ్వు జర ఆగు, నువ్వెవరో నాకు ఎరుక లేదు, ఎనకకు మర్రు' అంటడు. గంతే ఆయన పని. కాంట లోపల, హమాలీలు లోపల, మిషన్లు లోపల. మరి గేటు మనిషి లేకుంటే మిల్లు నడువదా? నడుస్తది. పది ట్రాక్టర్లొస్తే నడుస్తది. రెండొందలు ఒక్కసారొస్తే? అప్పుడు చూడాలె తమాషా.

ఆస్టరిస్క్, కమైలియో రెండు ఇంటర్నెట్ మీద ఫోన్ కాల్స్ నడిపే సాఫ్ట్‌వేర్లు. ఆస్టరిస్క్ అనేది మిల్లు. కమైలియో అనేది గేటు కాడి మనిషి. ఈ ఇద్దరికి పొత్తు ఎట్ల కుదుర్చాలె, ఎక్కడ కుదరదు, కుదరనప్పుడు నేను ఎన్ని రాత్రులు నిద్ర చెడగొట్టుకున్న, అదే ఇయ్యాల ముచ్చట.

కొద్దిగ చరిత్ర చెప్తా, తొందరగనే అయిపోతది. ఆఫీసుల్లో గోడకు బిగించిన ఇంటర్‌కమ్ డబ్బా మీకు ఎరుకే, ఈపీఏబీఎక్స్ అంటం. ఎనిమిది లైన్లకు ఒక రేటు, ఇరవై నాలుగు లైన్లకు ఇంకో రేటు, కార్డు కాలిపోతే కంపెనీ మనిషి పట్నం నుంచి రావాలె. 1999లో అమెరికాలో, అలబామా రాష్ట్రంలో మార్క్ స్పెన్సర్ అని ఒక పిల్లగాడు. ఇంకా కాలేజీలో చదువుతున్నడు, పక్కకు లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు సపోర్టు ఇచ్చే చిన్న కంపెనీ పెట్టుకున్నడు. ఆఫీసుకు ఫోన్ సిస్టమ్ కావాలె, కొందామంటే పైసల్లేవు. ఏం జేసిండు? తనే రాసుకున్నడు. రాసి, కోడు అందరికి ఇచ్చిండు. యూనిక్స్ అని అటువంటిదే ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్, దాంట్ల నక్షత్రం గుర్తు ఉంటది చూడండి, ఏ పేరైనా దాని కిందికి వస్తది. ఆ గుర్తు పేరే పెట్టిండు, ఆస్టరిస్క్ అని.

ఇటు జర్మనీలో, బెర్లిన్‌లో ఫ్రౌన్‌హోఫర్ ఫోకస్ అని ఒక పరిశోధన సంస్థ. 2001లో అక్కడ సిప్ ఎక్స్‌ప్రెస్ రౌటర్ అనే సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టిన్రు, సిప్ అంటే ఏందో జర ఆగి చెప్తా, పొట్టిగ సెర్ అంటరు. 2005లో దాంట్ల నుంచి ఓపెన్‌సెర్ వేరుపడ్డది. 2008లో ఓపెన్‌సెర్ పేరు మారి కమైలియో అయింది, అదే ఏడు ఓపెన్‌సిప్స్ అని ఇంకొకటి వేరు కాపురం పెట్టింది. అన్నదమ్ముల పంపకాలు అన్ని ఇండ్లల్లో ఉన్నట్టే. కమైలియో అనేది హవాయి దీవుల మాట. అర్థమేంది? ముచ్చట పెట్టుడు. తమాషా చూడండి, ముచ్చట పెట్టుడని పేరు పెట్టుకున్నది గని, ఒక్క ముచ్చట కూడ దాని చెవిల పడదు. దానికి చెవే లేదు.

ఇది గట్టిగ పట్టుకోండి, ఇక్కడే సగం మంది తప్పిపోతరు. ఫోన్ కాల్ అంటే ఒక్కటి కాదు, రెండు. ఒకటి ఉత్తరాలు, రెండోది మాట. ఉత్తరాలు రాసుకునే పద్ధతి పేరు సిప్. 'నేను 101ని, 205తోటి మాట్లాడాలె' అని ఒక ఉత్తరం, దాన్ని ఇన్వైట్ అంటరు. 'చూస్తున్న ఆగు' అని 100. 'గంట మోగుతుంది' అని 180. 'ఎత్తిన' అని 200. 'ఎత్తినవని తెలిసింది' అని అక్. పెట్టేసేటప్పుడు బై. ఇంటర్నెట్ పద్ధతులు రాసి పెట్టే పత్రాలను ఆర్ఎఫ్‌సీ అంటరు, 2002లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3261లో ఇదంతా రాసి ఉన్నది. అన్నీ చదవగలిగే అక్షరాలే, ఎన్‌క్రిప్షన్ పెట్టకపోతే మీరు కూడ చదవొచ్చు. మాట అట్ల కాదు. మాట మోసే పద్ధతి వేరే, దాన్ని ఆర్‌టీపీ అంటరు, దాని మీద ముక్కలు ముక్కలుగ పోతది. ఎంత? మాటను అంకెలుగ మార్చే పద్ధతిని కోడెక్ అంటరు, మనం మామూలుగ వాడే జీ.711 కోడెక్‌లో 20 మిల్లీసెకన్లకు ఒక ముక్క. అంటే సెకనుకు 50 ముక్కలు, ఒక్క దిక్కుకే.

లెక్క చెయ్యండి. ఒక కాల్ ఆస్టరిస్క్ మీదుగ పోతుంటే అటు ఫోన్ నుంచి 50 వస్తయి, ఇటు ఫోన్ నుంచి 50 వస్తయి. వంద వచ్చినయి, వంద పోయినయి. సెకనుకు. నూరు కాల్స్ ఉంటే పదివేలు లోపలికి, పదివేలు బయటికి. అదే నూరు కాల్స్‌కు ఉత్తరాలు ఎన్ని? ఒక్కో కాల్‌కు మొదలు కాడ ఓ పది, చివర ఓ రెండు. నడుమ ఎంతసేపు మాట్లాడినా ఉత్తరాలతోటి పనే లేదు. ఇప్పుడు చెప్పండి, ఉత్తరాలు మాత్రమే చూసేటోనికి అలుపొస్తదా, మాట మోసేటోనికి వస్తదా? అందుకే ఒక చిన్న మిషన్ మీద కమైలియో వేల ఫోన్లను నవ్వుకుంట చూసుకుంటది. ఆస్టరిస్క్ కిందామీద పడతది. అది ఆస్టరిస్క్ తప్పు కాదు. దాని పని అటువంటిది. మాట రికార్డు చేస్తది, పాట వినిపిస్తది, 'అమ్మకాల కోసం ఒకటి నొక్కండి' అంటది, పదిమందిని ఒక కాన్ఫరెన్సులో కూసోబెడతది. చెవి, నోరు రెండు దానికే ఉన్నయి.

నొక్కండి అంటే గుర్తొచ్చింది. నేను మొదటిసారి ఒక ఆఫీసుకు తెలుగులో ప్రాంప్టులు, అంటే ఫోన్‌లో వినిపించే ఈ మాటలు, రికార్డు చేయించిన. చక్కగ, పుస్తకం భాషలో. వాళ్ల పెద్దమనిషి ఇని, 'ఇదేంది, వార్తలు చదివినట్టుంది, మన రైతులు ఇది ఇని ఫోన్ పెట్టేస్తరు, ఒత్తుండ్రి అని చెప్పియ్యి' అన్నడు. మళ్ల చేయించిన. ఆయనదే రైటు. మీరు చేయిస్తే 8000 హెర్ట్జ్, 16 బిట్, మోనో వేవ్ ఫైలు ఉంచండి, సెల్‌ఫోన్‌లో రికార్డు చేసింది అట్లనే తీసుకపోయి పెడితే పలకదు. సరే, దారి తప్పిన.

అసలు నేను కమైలియో దిక్కు ఎందుకు పోయిన? చదివి పోలే. దెబ్బ తిని పోయిన.

కొన్నేండ్ల కింద కొందరు వ్యాపారులకు ఫోన్ సిస్టమ్ పెట్టిన. పేరొద్దు. నల్లగొండలో ఆఫీసు, మిర్యాలగూడలో ఒక బ్రాంచి, జడ్చర్లలో ఒకటి, పాలమూరులో ఒకటి. ఒక్కటే ఆస్టరిస్క్, నల్లగొండలో. బ్రాంచీల ఫోన్లు ఇంటర్నెట్ మీద వచ్చి దానికే తగలాలె. అంటే ఏం జేసిన? ఆస్టరిస్క్‌ను సీదా తీసుకపోయి ఇంటర్నెట్ మీద పెట్టిన. 5060 పోర్టు, అంటే సిప్ ఉత్తరాలు వచ్చే తలుపు, తెరిచిన. ఒక ఎక్స్‌టెన్షన్ 101, పాస్‌వర్డు ఎంత? నవ్వకండి. 101. టెస్టింగుకు పెట్టి మరిచిపోయిన. మీరు పోర్టు తెరిచినాక ఎంతసేపటికి దొంగ తలుపు కొడతడు అనుకుంటున్నరు? వారమా? రోజా? లాగ్ ఫైలు, అంటే ఎవరొచ్చిన్రో సిస్టమ్ రాసుకునే చిట్టా, తెరిచి చూసుకోండి, చాలాసార్లు గంట కూడ పట్టదు. ఫ్రెండ్లీ స్కానర్ అని పేరు పెట్టుకొని వస్తది ఒకటి, పేరు చూడు ఎంత ముద్దుగున్నదో. అది సిప్‌విషస్ అనే సాఫ్ట్‌వేర్ ముద్ర, ఫోన్ సిస్టమ్‌లను ఎతికేది. 100, 101, 102 అనుకుంట తలుపులన్ని తడుతది. ఒక శనివారం రాత్రి ఎవడో 101 అయి కూసున్నడు. తెల్లారేదాక మనం పేరు కూడ ఇనని దేశాలకు కాల్స్. సోమవారం ఆపరేటర్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ బిల్లులో నా వాటా నేను కట్టుకున్న, అది వేరే ముచ్చట.

అప్పుడు అర్థమయింది, మిల్లును రోడ్డు మీద పెట్టొద్దని. గేటు కావాలె.

ఇంకొకటి కూడ అప్పుడే చూసిన. మన దగ్గర కరెంటు పోవుడు, వచ్చుడు ఎరుకే కద. బ్రాంచిలో కరెంటు వచ్చిన నిమిషమే ఫోన్లన్ని ఒక్కసారి లేస్తయి, అన్నీ ఒక్కసారే 'నేనొచ్చిన, నేనొచ్చిన' అని రిజిస్టర్ పంపుతయి. ప్రతి ఒక్కదాన్ని 'నువ్వేనని రుజువేంది' అని అడగాలె, అది 401. అది మళ్ల పాస్‌వర్డు లెక్క గట్టి పంపాలె. అటు మాట మోసుకుంట, ఇటు ఈ హాజరుపట్టీ ఒక్కటే మిషన్ చూసుకోవాలంటే మాట తునకలైతది. మాట్లాడేటోళ్లకు నీళ్లల్ల మునిగి మాట్లాడినట్టు ఇనబడుతది.

అందుకని కమైలియోను ముందట పెట్టినం. ఐపీ అంటే ఇంటర్నెట్ మీద అడ్రస్, బయటి ఐపీకి వచ్చే ఉత్తరాలన్ని రౌటర్ దానికే ఇస్తది. ఆస్టరిస్క్ లోపలి నెట్‌వర్క్‌లో ఉంటది, బయటి ప్రపంచానికి అదున్నదని కూడ తెల్వదు. రిజిస్టర్ అంతా కమైలియో దగ్గరనే ఆగిపోతది. ఎవరు ఎక్కడున్నరు అనే పట్టీ దాని దగ్గర ఉంటది. పాస్‌వర్డు కూడ అదే అడుగుతది. పైక్ అని ఒక మాడ్యూల్, అంటే కమైలియోకు తగిలించుకునే భాగం, ఉన్నది, ఒకే చోటు నుంచి దబదబ ఉత్తరాలొస్తే పట్టిస్తది. దాన్ని చూసి తలుపు మూసే రూలు మనం రాయాలె. ఫ్రెండ్లీ స్కానర్ అని పేరు కనబడితే నేను జవాబు కూడ ఇయ్య. 403, అంటే 'నిన్ను రానియ్య' అని తిడితే కూడ వానికి ఇక్కడ ఇల్లున్నదని తెలుస్తది. మౌనమే మంచిది.

ఇప్పుడు పాస్‌వర్డు కమైలియో అడిగింది. మరి ఆస్టరిస్క్ మళ్ల అడగాల్నా? అడిగితే ఫోన్ ఆగమైతది, రెండు దిక్కుల రెండు సవాళ్లు. రెండు చోట్ల పాస్‌వర్డు రాస్తే ఒక కాడ మారుస్తం, ఇంకో కాడ మరుస్తం. రెండు ఖాతా పుస్తకాలు పెట్టిన షావుకారు గతి ఎరుకే కద. అందుకని ఆస్టరిస్క్‌కు ఏం జెప్తం? ఆస్టరిస్క్‌లో సిప్ ఉత్తరాలు చూసుకునేది పీజేసిప్, దాంట్ల ఐడెంటిఫై అని ఒక భాగం ఉంటది. 'ఈ ఐపీ నుంచి వస్తే మనోడే, అడగకు' అని కమైలియో ఐపీ రాస్తం. అన్నట్టు, అదే పని ఇంతకుముందు చేసిన పాత చాన్‌సిప్ మీద ఇంకా ఎవరన్న ఉన్నరా? ఉన్నరు, ముఖాలు చూస్తే తెలుస్తుంది. ఆస్టరిస్క్ 21తోటి దాన్ని తీసేసిన్రు. ఇగ మారండి.

కని ఇక్కడ ఒక మెలిక ఉన్నది. ఆస్టరిస్క్ కళ్లు మూసుకొని గేటు మనిషిని నమ్ముతుంది. అయితే గేటు మనిషి ఏం చూడాలె? 105 పాస్‌వర్డుతోటి వచ్చినోడు, ఉత్తరం మీద 'ఇట్లు 101' అని రాస్తే? పాస్‌వర్డు రైటే, మనిషి వేరు. ఎండీ గారి నంబర్ 101 అనుకోండి, 105 నుంచి ఎవడో ఎండీ పేరు మీద క్యాషియర్‌కు ఫోన్ చేస్తడు. రుజువు ఇచ్చిన పేరు, సంతకం పెట్టిన పేరు ఒక్కటేనా అని కమైలియో చూడాలె. కాకపోతే అక్కడే ఆపాలె. రెండు లైన్ల పని. ఆ రెండు లైన్లు లేని సిస్టమ్‌లు నేను చాలా చూసిన.

ఇంకో గుంత చెప్తా, నేను పడ్డదే. 101, 205కు చేసిండు. ఉత్తరం కమైలియోకు వచ్చింది, అది ఆస్టరిస్క్‌కు పంపింది. ఆస్టరిస్క్ ఏం జేస్తది? ఆ ఉత్తరం ముందుకు తోయదు. అది మధ్యవర్తి. ఆ కాల్‌ను తను తీసుకొని, తన పేరు మీద కొత్త ఉత్తరం, కొత్త కాల్-ఐడీ, అంటే కాల్ గుర్తు నంబరుతోటి 205కు రాస్తది. 205 ఎక్కడున్నడో కమైలియోకే ఎరుక కాబట్టి ఆ కొత్త ఉత్తరం మళ్ల కమైలియోకే వస్తది. ఇప్పుడు కమైలియోలో మీరు 'ఏ ఇన్వైట్ వచ్చినా ఆస్టరిస్క్‌కు పంపు' అని రాసి పెట్టిన్రు అనుకోండి. ఏమైతది? మళ్ల ఆస్టరిస్క్‌కు పోతది. అది మళ్ల కొత్త ఉత్తరం రాస్తది. గానుగెద్దు. సిప్‌లో దీనికి మందున్నది, మాక్స్-ఫార్వర్డ్స్ అని, 70తోటి మొదలై ప్రతి గేటు కాడ ఒకటి తగ్గుతది, సున్నా అయితే 483 అని ఆగిపోతది. కని మనకు అది పనిచెయ్యలే. ఎందుకు? ఆస్టరిస్క్ రాసేది ప్రతిసారి కొత్త ఉత్తరం, లెక్క మళ్ల 70 నుంచి మొదలు. పోర్టులు అయిపోయేదాక తిరిగింది. మందేంది? ఉత్తరం ఆస్టరిస్క్ దిక్కు నుంచి వచ్చిందా, ఫోన్ దిక్కు నుంచి వచ్చిందా అని కమైలియో మొదలు చూడాలె. ఆస్టరిస్క్ నుంచి వస్తే పట్టీలో ఎతికి ఫోన్‌కు పంపాలె, ఫోన్ నుంచి వస్తే ఆస్టరిస్క్‌కు పంపాలె. ఆస్టరిస్క్‌ల పట్టీ పెట్టుకొని వాటికి కాల్స్ పంచే డిస్పాచర్ మాడ్యూల్‌లో దీనికి ఫంక్షనే ఉన్నది, ఈ ఐపీ మన పట్టీలోనిదేనా అని అడిగేది.

ముప్పై రెండు సెకన్లు

ఇగ అసలు కథ. దీన్ని మాత్రం నెమ్మదిగ చెప్తా, ఎందుకంటే మీకు కూడ ఎదురైతది, రాసి పెట్టుకోండి.

అంతా పెట్టినం. నల్లగొండలో బ్రహ్మాండంగ నడుస్తుంది. మిర్యాలగూడ నుంచి అకౌంటెంట్ ఫోన్ చేసిండు, సెల్ నుంచే. 'అన్నా, ఆఫీసు ఫోన్లో మాట మంచిగొస్తుంది గని అర నిమిషానికి కట్ అయితుంది.' నేనేమన్న? 'ఇంటర్నెట్ మంచిగ లేదు' అన్న. మనం అందరం మొదలు అదే అంటం కద. కేబుల్ అన్నలు ఇక్కడనే ఉన్నరు, మాఫ్ చెయ్యండి. ఆ ఆపరేటర్ పాపం లైన్ మార్చిండు, ఫైబర్ లైను వచ్చి తగిలే ఓఎన్‌యూ డబ్బా మార్చిండు. అదే కథ. ఆఖరికి అకౌంటెంటే చెప్పిండు. లెక్కల మనిషి కద, గడియారం పెట్టి చూసిండు. 'అన్నా, అర నిమిషం కాదు. ముప్పై రెండు సెకన్లు. పొద్దుగాల ముప్పై రెండే, మాపటీలి ముప్పై రెండే.'

ఇంటర్నెట్ చెడిపోతే గడియారం చూసుకొని చెడిపోతదా? చెప్పండి. లైన్ తెగితే ఒకసారి పదికి తెగుతది, ఒకసారి నలభైకి తెగుతది. కచ్చితంగ ముప్పై రెండు అంటే ఎవరో లెక్కబెట్టి తెంపుతున్నరన్న మాట. ఎవరు?

సిప్‌లో ఒక మూల లెక్క ఉన్నది, టీ1 అని. అర సెకను. నేను ఎత్తిన అని 200 పంపిన. అవతలి నుంచి 'తెలిసింది' అని అక్ రావాలె. రాలే. అర సెకనుకు మళ్ల పంపుత. ఒక సెకను ఆగి మళ్ల. రెండు ఆగి, నాలుగు ఆగి, ఆ తర్వాత నాలుగు నాలుగుకు. ఎంతదాక? టీ1కు అరవై నాలుగింతలు. అరవై నాలుగు అర సెకన్లు ఎన్ని? ముప్పై రెండు. అప్పటికీ అక్ రాకపోతే 'వీడు సచ్చిండో బతికిండో తెల్వదు' అని బై పంపి ఆస్టరిస్క్ కాల్ తెంపేస్తది. ఈ నడుమ మాట మాత్రం సక్కగ పోతనే ఉంటది, ఎందుకంటే మాట దారి వేరు, ఉత్తరం దారి వేరు. మొదలు చెప్పిన కద, కాల్ అంటే రెండు అని.

అంటే మిర్యాలగూడ ఫోన్ పంపిన అక్ ఎటో పోతుంది. ఎటు? ఎస్ఎన్‌గ్రెప్ పెట్టి చూసిన. అది మంచి పనిముట్టు, ఉత్తరాలు ఎవరి నుంచి ఎవరికి పోతున్నయో బాణాలు గీసి చూపెడతది, అందరు పెట్టుకోండి. 200 పోతుంది, పోతుంది, పోతుంది. అక్ రాదు.

ఇప్పుడు మిల్లు గేటు కాడికి రండి. గేటు మనిషి చిట్టి మీద ఒక ముద్ర వేస్తడు, 'తిరిగి పోయేటప్పుడు కూడ నా గేటు ముందట నుంచే పోవాలె' అని. సిప్‌లో ఆ ముద్ర పేరు రికార్డ్-రూట్. దాంట్లో గేటు అడ్రస్ ఉంటది. మన కమైలియోకు రౌటర్ ఎనకాల లోపలి ఐపీ, 192.168.1.10. అది తన అడ్రస్ అదే అనుకున్నది. అదే ముద్ర వేసింది.

లోపలి ఐపీ అంటే ఏందో ఎట్ల చెప్పాలె... మీ చుట్టపాయన 'మా ఇల్లు హనుమాండ్ల గుడి ఎనకాల' అని అడ్రస్ రాసి పంపిండు అనుకోండి. ఊరి పేరు రాయలే. హనుమాండ్ల గుడి ఏ ఊళ్లె లేదు? ఉత్తరం అందుకున్నోడు ఏం జేస్తడు? తన ఊళ్లె హనుమాండ్ల గుడి ఎనకకు పోయి తలుపు కొడతడు. మిర్యాలగూడ ఫోన్ అదే చేసింది. తన ఆఫీసులోనే 192.168.1.10 ఎవరు అని చూసి అక్కడికి అక్ పంపింది. అక్కడ ఎవరున్నరు తెలుసా? సీసీ కెమెరాల రికార్డింగు డబ్బా, డీవీఆర్. మూడు వారాలు మేము డీవీఆర్‌కు 'ఎత్తినవని తెలిసింది, ఎత్తినవని తెలిసింది' అని ఉత్తరాలు రాసినం.

ఇంకో తమాషా, మిర్యాలగూడ ఆయన ముందే ఫోన్ పెట్టేస్తే బై కూడ డీవీఆర్‌కే పోయేది. నల్లగొండ మనిషి హలో హలో అనుకుంట కూసునేది. నేను అది వేరే రోగం అనుకొని దానికి వేరే మందు ఎతుకుతున్న. రెండిటికి వేరు ఒక్కటే.

మందు ఎంత? కమైలియోలో లిజన్ అనే లైను పక్కకు అడ్వర్టైజ్ అని బయటి ఐపీ రాయాలె. ఒక్క మాట. 'నువ్వుండేది లోపల్నే గని, అడ్రస్ అడిగితే ఊరి పేరుతోటి చెప్పు' అని. ఫోన్లు తమ ఉత్తరంలో కాంటాక్ట్ అనే చోట 'నేను ఇక్కడ దొరుకుత' అని రాసే అడ్రస్ కూడ హనుమాండ్ల గుడి లెక్కనే ఉంటది. అది నమ్మొద్దు, ఉత్తరం నిజంగ ఏ ఐపీ నుంచి వచ్చిందో అది రాసుకోమని నాట్‌హెల్పర్ మాడ్యూల్‌తోటి చెప్పాలె. మాట సంగతికి వస్తే, మాట ఎక్కడికి పంపాల్నో ఉత్తరంలో రాసే భాగాన్ని ఎస్‌డీపీ అంటరు, దాంట్ల కూడ అదే లోపలి అడ్రస్ ఉంటది. అది దిద్దకుంటే ఒక దిక్కు మాట ఇనబడుతది, ఇంకో దిక్కు ఇనబడదు. దానికి ఆర్‌టీపీఇంజిన్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌ను కమైలియో పక్కన నిలబెట్టాలె, మాటను అది అందుకొని లోపలికి ఇస్తది. మీ రౌటర్లలో సిప్ ఏఎల్‌జీ అని ఒకటి ఉంటది, సాయం చేస్త అని చెప్పి ఉత్తరాల్లో వేలు పెట్టి అడ్రస్‌లు మార్చేస్తది. కేబుల్ అన్నలూ, ఎవరన్న ఫోన్లు పెట్టుకుంటున్నరంటే మొదలు అది బందు చెయ్యండి. చేతులు జోడించి అడుగుతున్న.

ఒకటి కాదు, మూడు

ఇంతదాక ఒక గేటు, ఒక మిల్లు. గేటున్నంక సుఖమేందంటే ఎనకాల ఎన్ని మిల్లులు పెట్టినా బయటోనికి తెల్వదు. పాలమూరు పోయినోళ్లు పిల్లలమర్రి చూసి ఉంటరు. ఆ చెట్టును ఒక్క మొద్దు మోస్తుందా? ఊడలు దిగి, అవే మొద్దులై మోస్తున్నయి. 2017 డిసెంబర్లో ఒక పెద్ద కొమ్మ కూలితే చెట్టు పోలే. తర్వాత సెలైన్ సీసాలు గట్టి చెదల మందు ఎక్కించి బతికించుకున్నరు. మూడు ఆస్టరిస్క్‌లు పెట్టుకుంటే గట్లనే, ఒకటి కూలినా సిస్టమ్ నిలబడుతది. కని ఆ కొమ్మ మీద ఉన్న గూడు? అది కొమ్మతోటే పోయింది. ఇది మీకు ఎవరు చెప్పరు, నేను చెప్తున్న. ఒక ఆస్టరిస్క్ ఆగిపోతే దాని మీద అప్పుడు నడుస్తున్న కాల్స్ పోతయి. కమైలియో వాటిని కాపాడలేదు. కొత్తగ వచ్చే కాల్స్‌ను మాత్రం వేరేదానికి పంపుతది. అది కూడ ఎట్ల? డిస్పాచర్ ప్రతి ఆస్టరిస్క్‌ను నడుమ నడుమ 'ఉన్నవా' అని ఆప్షన్స్ పంపి అడుగుతుంటది. జవాబు రాకపోతే పట్టీ నుంచి పక్కకు పెడతది. ఈ అడుగుడు మొదలే పెట్టి ఉండదు, ఎంతసేపటికి ఒకసారి అడగాల్నో మీరు రాయాలె. రాయకపోతే చచ్చిన గుర్రానికి కూడ గడ్డి వేస్తనే ఉంటది.

పంచుడు ఎట్ల? డిస్పాచర్‌లో పంచే పద్ధతులకు నంబర్లున్నయి, అల్గారిథమ్ అంటరు; ఒకదాని తర్వాత ఒకటి అంటే నాలుగో అల్గారిథమ్, రౌండ్ రాబిన్. అందరు అదే పెడతరు. నేనూ అదే పెట్టిన. తెల్లారి ఫోన్ వచ్చింది. 'మీటింగు నంబర్‌కు ఐదుగురం చేసినం. ఇద్దరమే ఉన్నం. మిగతా ముగ్గురు మేమూ మీటింగులోనే ఉన్నం అంటున్నరు.' అర్థమయిందా ఏమైందో? ఆ నవ్వినమ్మకు అర్థమయింది. ఒక్కో మనిషి ఒక్కో ఆస్టరిస్క్‌లో పడ్డడు. ఒకటే నంబర్, మూడు గదులు. కాల్స్‌ను వరుసల నిలబెట్టే క్యూలకు ఇదే గోస, వాయిస్‌మెయిల్‌కు ఇదే గోస, ఒక ఆస్టరిస్క్‌లో ఉన్నది ఇంకోదానికి తెల్వదు. కాన్ఫరెన్సు నంబర్లకు మూడో అల్గారిథమ్ పెట్టిన, అది కొట్టిన నంబరును బట్టి ఎంచుతది. ఒకటే నంబరు కొట్టినోళ్లంతా ఒకటే ఆస్టరిస్క్‌కు పోతరు. మిగతా కాల్స్‌కు నాలుగే ఉంచిన. వాయిస్‌మెయిల్ డేటాబేస్‌లో పెట్టినం, అది నాకు ఇప్పటికీ అంత నచ్చలే గని, నడుస్తుంది.

బయటి నంబర్ల సంగతి ఎవరో చిట్టీ పంపిన్రు. చిన్నగ చెప్తా. ఆఫీసుల నడుమ మాట్లాడుకునుడు వేరు, బయటి నంబర్లకు పోవుడు వేరు. దానికి లైసెన్సు ఉన్న ఆపరేటర్ దగ్గర సిప్ ట్రంక్, అంటే సిప్ మీద వచ్చే బయటి లైను, తీసుకోవాలె, లేకుంటే పీఆర్ఐ అనే డిజిటల్ ఫోన్ లైను, అది ఒక్కటి తీసుకుంటే ఒక్కసారి 30 కాల్స్. విదేశాల కాల్స్ ఇంటర్నెట్ మీద దింపి, సిమ్ బాక్సుల నుంచి, అంటే సిమ్ కార్డులు నింపిన డబ్బాల నుంచి, లోకల్ కాల్ లెక్క పంపితే పైసలొస్తయని ఎవరన్న మీకు చెప్తే, ఆ మనిషి ముఖం మళ్ల చూడొద్దు. అది నేరం, పట్టుకపోతరు. ఆ పనికి ఇవే సాఫ్ట్‌వేర్లు వాడతరు కాబట్టి చెప్తున్న.

సార్ టైము చూపెడుతున్నరు. ఒక్క డెమో చూపెట్టి దిగుత. ఈ లాప్‌టాప్‌లో కమైలియో ఒకటి, ఆస్టరిస్క్‌లు రెండు ఉన్నయి. తమ్ముడూ, నీకు నీలం ఫోన్ ఇచ్చిన కద, అది మన హాలు వైఫైలో లేదు, సెల్ నెట్ మీద ఉన్నది, అంటే మిర్యాలగూడలో ఉన్నట్టే లెక్క. నువ్వు 205 కొట్టు. అమ్మా, నీ దగ్గర మోగుతుంది, ఎత్తు. తెర మీద చూడండి. ఇన్వైట్ వచ్చింది, గేటు నుంచి మొదటి ఆస్టరిస్క్‌కు పోయింది, అక్కడి నుంచి కొత్త ఇన్వైట్, కాల్-ఐడీ వేరే, చూసిన్రా? 180. 200. అదిగో అక్, ఇంటికి చేరింది. పెట్టేయకండి. ఏదన్న మాట్లాడుకోండి, ఇయ్యాల ఏం కూర తిన్నరో అదే చెప్పుకోండి. మనం లెక్కబెడదాం. ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. ఎవరూ ముట్టొద్దు. ముప్పై. ముప్పై ఒకటి. ముప్పై రెండు. ముప్పై మూడు, ముప్పై నాలుగు. ఇగ పెట్టేయ్ తమ్ముడూ, చాయ్ చల్లారుతుంది.